రెండేళ్ళకని వచ్చినావిడ

జులైలో ఐర్లాండులోని ములింగార్ అనే ఊరి నుంచి డబ్లిన్‌లో బోమాంట్ దగ్గర అద్దె ఇంటికి మారాం. వంటింటి అట్టపెట్టెలు విప్పుతూ మా ఆయన జీలకర్ర సీసా చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. ఎర్ర గాజు సీసా అది, అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. మూత పసుపుపచ్చ రేకుది. దాని చుట్టూ గాలి ఆడడానికి చిల్లులు.

"గిది సమాధి మీద పెట్టే దీపం బుడ్డి గాదె? దీంట్ల జీలకర్ర పోసినవేందే?"

"ఉడుకునీళ్ళతోని కడిగి, ఎండకు పెట్టి పోసిన" అన్నాను ఆయన యాసలోనే.

"ఈ దేశంల ఎండ యాడ దొరికింది నీకు?" అని, సీసాని జాగ్రత్తగా ప్రెస్సులో పై అరలో పెట్టాడు. అల్మారాని ఇక్కడ ప్రెస్సంటారు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా అల్మారా అనే మాట పోయింది.

ఆ సీసా ఇచ్చినావిడ ఫిబ్రవరిలో పోయింది. గాజు పారెయ్యకు, కడిగి ఏదో ఒకటి పోసుకో అన్నది ఆవిడే. నేను పోసుకున్నాను. తప్పేముందో నాకిప్పటికీ తెలీదు.

ములింగార్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచొచ్చే దారిలో ఉండేది ఆవిడ కొట్టు. పోలండువాళ్ళ సరుకుల కొట్టు. డ్యూటీ దిగి ఇంటికి పోయే డాక్టరుకి అక్కడేం పని అంటే, చుక్కకూర. పోలండువాళ్ళు ఒక పుల్లటి ఆకుని తరిగి సీసాల్లో పట్టి అమ్ముతారు. చుక్కకూరకి పినతల్లి కూతురు అది. కందిపప్పులో వేసి ఎండుమిరపకాయల తాలింపు పెడితే, కళ్ళు మూసుకుని తినే మాటైతే మనిల్లే. అలా మొదలైన రాకపోకలు మజ్జిగ డబ్బాలకీ, దోసకాయ ఊరగాయకీ పాకాయి.

మనిషి భారీగా ఉండేది. జుట్టుకి బీట్‌రూట్ రంగు వేసేది. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉండేది గాని కళ్ళకి ఉండగా చూసింది తక్కువ. ఏది అమ్మినా ముందు వాసన చూసేది. రొట్టె, వెన్న, సాసేజి, చివరికి సీలు వేసిన పిండి పొట్లం కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, సరేనన్నట్టు తలూపి అప్పుడు సంచీలో వేసేది. అన్నీ అమ్మేది కానీ తెల్ల పుట్టగొడుగులు మాత్రం కొట్లోకి రానిచ్చేది కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పుట్టగొడుగుల షెడ్డులో, చీకట్లో నెత్తికి దీపం కట్టుకుని, అవి కోసే పని చేసిందట. అడిగినవాళ్ళకి, "సూపర్‌మార్కెట్‌కి పొండి, నేను వాటికి పెట్టాల్సిన దణ్ణాలన్నీ అప్పుడే పెట్టేశాను" అనేది. ఆవిడ మాట్లాడేది ముక్కల ఇంగ్లీషు, నాది పుట్టింటి నెల్లూరి ఇంగ్లీషూ కాదు అత్తింటి వరంగల్ ఇంగ్లీషూ కాదు, ఆసుపత్రి ఇంగ్లీషు. ఇద్దరికీ మధ్య జరిగినదాన్ని తెలుగులో రాస్తుంటే ఆవిడ నిజానికన్నా కాస్త మర్యాదస్తురాలిగా కనిపిస్తోంది. ఆ మేరకు తగ్గించుకుని చదవాలి.

ఈ ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా ఎలా ఉన్నారని అడుగుతారు. గ్రాండ్ అనాలి. వాళ్ళూ గ్రాండ్ అంటారు. ఆవిడ మాత్రం ఎవర్నీ అలా అడిగేది కాదు. ఒకసారి నేనే అడిగాను, ఎందుకు అడగవని.

"బాగున్నావా అని అడిగితే నిలబడి జవాబు వినాలి. వరసలో జనం ఉన్నారు. వినే తీరిక నాకెక్కడిది?"

ఇంకొకటుంది. ఐర్లాండుకి వచ్చి ఎంతకాలమైందని ఎవరడిగినా ఆవిడ చెప్పేది ఒక్కటే మాట. "రెండేళ్ళు." పిడికెడంత కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. ఆ కూతురు ఇక్కడే చదివి, ఇక్కడే బడిపంతులై, ఊరి కుర్రాణ్ణి పెళ్ళాడి పిల్లల్ని కంది. అయినా రెండేళ్ళే. మొదట నేను అబద్ధమనుకున్నాను, తర్వాత హాస్యమనుకున్నాను. చివరికి అర్థమైంది, అది వీసా మీద ముద్ర లాంటిదని. వాళ్ళ దేశం యూరప్‌లో కలిసిన కొత్తలో బస్సుల్లోనూ చవక విమానాల్లోనూ దిగినవాళ్ళందరూ రెండేళ్ళనే దిగారట. రెండేళ్ళు పనిచేసి, అక్కడ ఇల్లు పూర్తి చేసుకుని వెళ్ళిపోవాలని. మనవాళ్ళది ఐదేళ్ళు, పాస్‌పోర్టు వచ్చేదాకా. ఆ తర్వాత పిల్లల జూనియర్ సర్టు, మన పదో తరగతి పరీక్ష లాంటిది, అయ్యేదాకా. ఆ తర్వాత ఎవరూ గడువు పెట్టుకోవడం నేను వినలేదు.

తమవాళ్ళ చరిత్రంతా తన షెల్ఫుల్లో ఉందని ఆవిడ నమ్మకం. ఒక మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు వేలితో చూపిస్తూ చెప్పింది. మొదట ఒంటరి మగాళ్ళొచ్చారు, అప్పుడిక్కడంతా సాసేజీలు, పొడి సూపులు, ఫోన్ కార్డులు. తర్వాత భార్యలొచ్చారు, మైదా, గసగసాలు, బొబ్బరపిండి లాంటి నల్ల గోధుమల పిండి వచ్చాయి. తర్వాత పిల్లల డైపర్లు. అవి ఉన్న చోటే కొన్నాళ్ళకి పిల్లలు చర్చిలో మొదటి ప్రసాదం తీసుకునే రోజుకి వేసే తెల్ల గౌన్లు. ఆ మధ్య ఇళ్ళ కట్టుబడి పనులు ఆగిపోయి ఊరంతా ఖాళీ అయిన ఏడు, షెల్ఫు నిండా అట్టపెట్టెలూ అవి అంటించే టేపులూ. శనివారం పొద్దున పోలండు వెళ్ళే వ్యాన్ కొట్టు ముందు ఆగేదట, జనం టీవీలూ పిల్లల సైకిళ్ళూ ఎక్కించి, తామూ ఎక్కి, వెనక్కి చూడకుండా పోయారట. కొందరు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు స్కూలు పిల్లలొచ్చి ఐరిష్ చిప్సు కావాలంటారు. "పోలిష్‌లో అడుగు, ఇస్తాను అంటాను. అడగలేక నవ్వుకుంటూ పక్క కొట్టుకి పోతారు" అంది. షెల్ఫు మీద పొట్లమొకటి సర్ది, "నా మనవరాలు కూడా" అంది.

మా అక్క పోయిన ఏడాది దీపావళి అక్టోబరు చివర్లోనే వచ్చింది.

అక్క వేసవిలో పోయింది. నేను చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి, వీడియోలో, చుట్టూ చేరినవాళ్ళ వెనక నుంచి అక్క పాదాలు చూశాను. మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే సెలవిస్తారు, ఆ సెలవు పెట్టుకుని నేనెక్కడికి పోను? అప్పటికే అన్నీ అయిపోయాయి. దీపావళి దగ్గరికొచ్చేసరికి మా అత్తగారు ఫోన్ చేశారు.

"పెండ్లయిన ఆడిపిల్లకు పుట్టింటి మైల మూడొద్దులేనమ్మా. అది ఎప్పుడో తీరె. మనింట్ల నోములున్నయ్, దీపాలు ఆపొద్దు" అన్నారు.

శాస్త్రం ప్రకారం ఆవిడ మాటే సరైనది. మూడ్రోజుల్లో అక్క మా ఇంటికి పరాయిదైపోయింది. సరేనన్నాను. కాదనడానికి ఓపిక ఉంటేగా.

ఈ ఊళ్ళో ప్రమిదలు వెలిగించడం వట్టి మాట. గాలికి ఒక్కటి నిలవదు. చుక్కకూర కోసం కొట్టుకెళ్తే గుమ్మం పక్కనే, ఒకదాని మీద ఒకటి పేర్చి, రంగురంగుల గాజుబుడ్డీలు కనిపించాయి. లోపల మైనం, పైన మూత, మూతకి చిల్లులు. గాలొచ్చినా వానొచ్చినా ఆరదు. కొన్నిటి మీద శిలువ ఉంది. క్రైస్తవ దేశం కదా, అగ్గిపెట్టె మీద కూడా ఉంటుందిలే అనుకుని, శిలువ లేనివి ఏరి బుట్ట నింపుకున్నాను. ఆవిడ బుట్ట చూసింది, నన్ను చూసింది. బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఒక్కో బుడ్డీని పాత పేపర్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి ఇచ్చింది. పోలండువాళ్ళకి కూడా మన పండగ మీద ఎంత ఆదరమో అని సంతోషపడుతూ ఇంటికొచ్చాను.

సాయంత్రం మా అమ్మాయిని వెంటేసుకుని గోడ మీదా, మెట్ల మీదా, గేటు పక్కనా అన్నీ వెలిగించాను. ఎంత బాగున్నాయో. మా వీధి చివర ఉండే పోలండు కుర్రాడొకడు పనినుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగాడు. టోపీ తీశాడు. మా ఆయన పొంగిపోయి లడ్డూల పళ్ళెం పట్టుకుని ఎదురెళ్ళాడు. ఆ కుర్రాడు లడ్డూ ముట్టుకోకుండా ఈయన చేతిని పట్టుకుని ఊపుతూ, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నాడు. ఇక్కడివాళ్ళు చావుకెళ్ళినప్పుడు అనే మాట అది. మా ఆయన లోపలికొచ్చి, "ఏం ట్రబులే? పటాకులు గూడ కాల్చకపోతిమి" అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ వచ్చింది. నల్లకోటు వేసుకుని, చేతిలో గసగసాల కేకు పెట్టుకుని గడపకి అవతల నిలబడింది. నేను గడపకి ఇవతల. గడప మీదుగా వస్తువు ఇవ్వకూడదని మనకి పట్టింపు. ఆవిడకీ ఉందట, నాకెలా తెలుస్తుంది? తీసుకుందామని నేను బయటికి అడుగేశాను, ఇద్దామని ఆవిడ లోపలికి అడుగేసింది. ఇద్దరి నుదుళ్ళూ ఠంగుమన్నాయి. కేకు మాత్రం ఆవిడ ఒడుపుగా కాపాడింది.

నుదురు రుద్దుకుంటూ అడిగింది. "ఎవరు?"

"ఎవరంటే?"

"ఇన్ని దీపాలు పెట్టావు. ఇంట్లో ఎవరు పోయారు?"

అప్పుడు తెలిసింది నేను ఇంటి చుట్టూ పెట్టినవి ఏ దీపాలో. లోపల్నుంచి మా ఆయన పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వొచ్చింది. చెప్పడానికి నోరు తెరిచాను, ఇది మా పండగండీ, పొరపాటైంది అని.

"అక్క" అన్నాను.

అంతే. లోపల నవ్వు ఆగిపోయింది. వేసవి నుంచి ఎక్కడ దాచుకున్నానో ఆ ఏడుపంతా గడప మీద నిలబడి ఏడ్చాను. ఈ దేశంలో ఎవరని నన్నడిగిన మొదటి మనిషి ఆవిడ.

ఆవిడ చేతిసంచీలోంచి తన చెప్పులు తీసి తొడుక్కుని లోపలికొచ్చింది. ఎవరింటికెళ్ళినా ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు వెంట తెచ్చుకునేది. నిమ్మకాయ పిండిన టీ అడిగి తాగింది. అక్క పేరు అడిగింది, పలకలేకపోయింది. ఇంకో రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది.

"ఎక్కడ పడుకుంది?"

"ఎక్కడా లేదు. కాల్చి, బూడిద గోదావరిలో కలిపారు."

ఆవిడ ఖాళీ కప్పు పక్కకి జరిపింది. "అయితే మాట్లాడాలనిపిస్తే ఎక్కడికి వెళ్తావు?"

నవంబరు ఒకటిన సిద్ధంగా ఉండు, నాతో వద్దువుగాని అని లేచింది.

నవంబరు ఒకటి వాళ్ళకి పెద్దల పండగ. ఊరి చివర శ్మశానం మధ్యలో పెద్ద రాతి శిలువ ఉంది. తమవాళ్ళ సమాధులు దూరాన ఉన్నవాళ్ళు ఆ రోజు దాని కింద దీపం పెడతారట. ఆ మొదటి ఏడు అక్కడ ఒక ఎర్ర దీపం అక్కకి పెట్టాను. మా అక్కకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కానీ వాన, చలి, పక్కన జనం. వచ్చానే అని మాత్రం చెప్పాను. అది కూడా మనసులోనే. అయినా ఇంటికొచ్చాక ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఆవిడ తన భర్తకొక దీపం పెట్టి, మిగతా సంచీ మోసుకుంటూ పాత సమాధుల్లోకి నడిచింది. నాచు పట్టినవి, పక్కకి వాలినవి, పేర్లు చెరిగిపోయినవి. ఎవరూ రాని చోటు చూసి ఒక దీపం పెట్టి, చేత్తో ఆకులు తోసి, తర్వాతిదానికి వెళ్ళేది.

"వీళ్ళు నీకేమవుతారు?" అన్నాను.

"పక్కవాళ్ళు."

"ఐరిష్‌వాళ్ళు కదా?"

"అయితే? ఇదే ఊళ్ళో ఉంటున్నాంగా." నడుం పట్టుకుని లేచి, "ఇక్కడ నేనొకరికి పెడితే, అక్కడ మా ఆయనకి ఎవరో ఒకరు పెడతారు" అంది. బేరం ఎవరితో చేసుకుందో చెప్పలేదు.

భర్త వచ్చిన కొత్తలోనే గుండె ఆగి పోయాడు. అప్పట్లో వాళ్ళలో ఎవరు పోయినా శవపేటికని విమానంలో సొంతూరు పంపించేవారట. ఈవిడా పంపింది. రెండేళ్ళలో తానూ వెళ్ళిపోతుంది కదా మరి. "ఇక్కడ పాతిపెడితే ఉండిపోయినట్టే" అనేది. కొన్నాళ్ళకి ఒక కుర్ర జంట తమ పసిబిడ్డని ఈ శ్మశానంలోనే పూడ్చాలనుకున్నారు. రోజూ వచ్చి చూసుకోవచ్చని. పోలండువాళ్ళంతా తరలివెళ్ళారు. ఈవిడ మాత్రం గేటు బయటే నిలబడిందట, లోపలికి అడుగుపెట్టలేదట. ఆ తర్వాత ఏటేటా ఆ వరసలో పోలండు పేర్లు పెరుగుతూ వచ్చాయి. సంచీలోంచి ముందుగా తీసిన దీపం ఆ పసిబిడ్డ దగ్గరే పెట్టేది. అప్పుడు లోపలికెందుకు రాలేదని నేనడగలేదు.

ఏళ్ళు అలా గడిచాయి. మా ఆయన లెపర్డ్స్‌టౌన్ ఆఫీసుకి తెల్లారకముందే రైలెక్కేవాడు, డబ్లిన్‌లో దిగి లువాస్ ట్రామెక్కేవాడు. ఇంటికొచ్చేసరికి ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే గాని మాటల్లేవు. నా ఉద్యోగం కాంట్రాక్టు నుంచి కాంట్రాక్టుకి సాగేది. ఇంటి లీజు ముగిసినప్పుడల్లా ఖాళీ చెయ్యమంటారేమోనని భయపడేదాన్ని. కొట్టుకెళ్తే ఆవిడ నా ముఖం చూసి వాసన చూసేదానిలా ముక్కు ఎగబీల్చి, "నిద్రలేదు" అనేది. అంతకుమించి పలకరింపు లేదు. అదే నాకు చాలనిపించేది.

నిరుడు వేసవిలో ఒకరోజు రొట్టె వాసన చూడకుండా సంచీలో వేసింది. నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. తెల్లటి భాగం పచ్చగా ఉంది.

జీపీ దగ్గరికి, అంటే ఊళ్ళో మామూలు డాక్టరు దగ్గరికి పంపాను, పరీక్షలయ్యాయి. కాగితాలు తెచ్చి బల్ల మీద నా ముందు పెట్టింది. చదివి ఉన్నదున్నట్టు చెప్పాను. క్లోమంలో మొదలై కాలేయానికి పాకింది. ఆవిడ బల్లని అరచేతి అంచుతో తుడుస్తూ వింది. అక్కడ తుడవడానికేమీ లేదు.

"ఎన్నాళ్ళని అడగను. నా గొడవ ఎక్కడ పడుకోవాలన్నదే."

కూతురు అక్కడే ఉంది. ఆ అమ్మాయి ఇంగ్లీషు అచ్చం ఈ ఊరివాళ్ళ ఇంగ్లీషు. "మమ్మా, ఇక్కడే ఉండు. అక్కడికి పిల్లల్ని వేసుకుని ఎన్నిసార్లు రాగలం మేము?" అంది.

"మీ నాన్న ఒంటరిగా ఉన్నాడు. నేనే పంపించా."

"నాన్న వెళ్ళినప్పుడు నాకు ఊహ కూడా లేదు. నిన్ను కూడా అక్కడికి పంపేసి, నేను ఇక్కడ శిలువ దగ్గర నిలబడాలా?"

ఆవిడ భర్త సమాధిని చూస్తుండమని పోలండులో సొంతూళ్ళో ఒక పొరుగావిడకి అప్పగించి వచ్చింది. ఆ పొరుగావిడ వసంతంలో పోయిందని కబురొచ్చింది. ఇక అక్కడ దీపం పెట్టేవాళ్ళు లేరు. ఆయన పక్కన పడుకుంటే ఇక్కడివాళ్ళు రాలేరు. ఇక్కడ పడుకుంటే ఆయన చీకట్లో ఉంటాడు. ఈ సంగతి మీదే ఆ నెలలన్నీ ఆవిడ నలిగిపోయింది. మందులు, నొప్పి, వాంతులు అన్నీ దాని తర్వాతే.

నవంబరుకి తాను పోలండు వెళ్ళి తీరాలంది. వద్దని వైద్యుడన్నాడు, కూతురంది, నేనూ అన్నాను. వెళ్ళింది.

తిరిగొచ్చిన వారం కొట్టుకెళ్ళాను. కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. బడి అయ్యాక వచ్చిన కూతురు బల్ల దగ్గర అమ్ముతోంది. నన్ను చూసి ఒక డబ్బా లాగి కూర్చోమంది.

"సమాధి పాడుపడి ఉంటుందనుకున్నా. శుభ్రంగా ఉంది. ఆకులు ఊడ్చి ఉన్నాయి. మీద దీపం వెలుగుతోంది. చవకది, చిన్న తెల్లబుడ్డి."

"ఎవరు పెట్టారు?"

"తెలీదు. ఫాదర్‌ని అడిగా, చుట్టుపక్కల ఇళ్ళలో అడిగా. ఎవరికీ తెలీదు. చలికి తట్టుకోగలిగినంతసేపూ కూర్చున్నా, ఎవరైనా వస్తారేమోనని. రాలేదు."

"మరి నువ్వు తీసుకెళ్ళిన దీపం?"

"ఆయనకి ఒకటుందిగా. పక్కనాయనకి లేదు. అక్కడ పెట్టా." అరచేత్తో మోకాలు రుద్దుకుంది. "ఆయన్ని ఎవరో చూసుకుంటున్నారు. నేనిక్కడే ఉంటా."

బల్ల దగ్గర కూతురు చిల్లర లెక్కపెట్టడం ఆపేసింది. అటు తిరిగి నిలబడింది.

ఆ సమయంలోనే వెన్న కొనడానికొచ్చిన ముసలాయన, ఊరివాడే, క్రిస్మస్‌కి సొంతూరు వెళ్తున్నావా, నువ్వొచ్చి ఎన్నాళ్ళయింది అని మాట కలిపాడు. ఆవిడ రెండేళ్ళనలేదు. "ఉండిపోయాను" అంది. ఆయనకది పెద్ద విషయంలా అనిపించినట్టు లేదు. గ్రాండ్ అని వెన్న తీసుకుని పోయాడు.

ఫిబ్రవరిలో పోయింది. పూజ పోలిష్‌లో సగం, ఇంగ్లీషులో సగం జరిగింది. పోలండువాళ్ళ వరసలో చోటు అయిపోయి, పాత సమాధుల పక్కన దొరికింది. జనమంతా వరసగా వెళ్ళి కూతురి చెయ్యి పట్టుకుంటున్నారు. నా వంతొచ్చింది. ఏమనాలో తోచక, ఆ దీపావళినాడు మా గేటు దగ్గర కుర్రాడన్న మాటే అన్నాను, సారీ ఫర్ యువర్ ట్రబుల్ అని. ఇక్కడ ఆ మాట సరిగ్గా సరిపోయింది.

జులైలో మేం బోమాంట్ వచ్చేశాం. మొన్న నవంబరు ఒకటికి ములింగార్ వెళ్తానంటే మా ఆయన, "అక్క దీపం ఈడ పెడితె కాదా? డబ్లిన్ల సమాధుల్లేవా?" అన్నాడు. ఉన్నాయి. అయినా వెళ్ళాను. బడికి సెలవులని మా అమ్మాయి తోడొచ్చింది. దారి పొడుగునా వాన. ముందురోజు డ్యూటీ బడలికతో కళ్ళు మూతలు పడుతున్నాయి. బడి ఉద్యోగం చేసుకుంటూనే కొట్టు ఇప్పుడు కూతురు నడుపుతోంది. రెండు బుడ్డీలిచ్చింది. వాసన చూడలేదు.

అక్కది శిలువ కింద పెట్టాను. రెండోది పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్తే అడుగుపెట్టే సందు లేదు. ఎర్రవీ, తెల్లవీ, పసుపువీ, ఊళ్ళో ఉన్న పోలండువాళ్ళంతా వచ్చి వెళ్ళినట్టున్నారు. నా దీపం పెట్టాలంటే ఇంకొకరిది జరపాలి. పక్కనే నాచు పట్టిన రాయొకటి, పేరు సగం చెరిగిపోయింది. చీకటిగా ఉంది. చేత్తో ఆకులు తోసి అక్కడ పెట్టాను. అమ్మాయి వంగి, గాలికి అడ్డంగా కోటు పట్టింది.

అటుగా పోతున్న ముసలాయన ఒకడు గొడుగు కింద నుంచి మమ్మల్ని చూసి ఆగాడు. ఆ పాత రాతినీ మా ముఖాల్నీ మార్చి మార్చి చూశాడు.

"మీవాళ్ళా?"

"కాదండీ, పక్కవాళ్ళు."

ఆయన తలూపాడు. ఇక్కడివాళ్ళు మాట మధ్యలో వదిలి పోలేరు. "ఐర్లాండుకి వచ్చి ఎంతకాలమైందమ్మా?"

నేను వెలుగుతున్న ఆవిడ సమాధి వైపు చూశాను.

"రెండేళ్ళు" అన్నాను.

నా భుజం దాటి పెరిగిన మా అమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, తల తిప్పి నన్ను చూసింది. కోటు గాలికి అడ్డంగా అలాగే పట్టుకుని నిలబడింది.